మూడు ముఖాల చిత్రపటం

కొండగుహల లోన కొలువున్న షణ్ముఖా!
మత్సరంబు నెల్ల మాపి మమ్ము
పరుల వెలుగు చూచి పరవశించెడి బుద్ధి
నిచ్చి బ్రోవవయ్య నెమలిరౌత!

కామక్రోధాదులైన ఆరుగురు శత్రువులలో మత్సరం కడగొట్టుది. కడగొట్టుది కాబట్టే దానికి గారాబం ఎక్కువ. తక్కిన అయిదింటినీ మెడపట్టి బయటికి గెంటిన పెద్దలు కూడా దీనిని మాత్రం ఒడిలో పెట్టుకొని బువ్వ పెడుతూ ఉంటారు. అట్టి ఒడి ఒకటి కౌలాలంపూర్ నగరంలో తవమణి అనే ఇల్లాలిది. స్వామికి మ్రొక్కి ఆమె కథలోకి వెళ్దాం.

బాతూ గుహల మెట్ల మొదట, ఆకాశాన్ని ఒరసుకొంటున్న స్వామివారి బంగారు విగ్రహం నీడలో, తవమణి ఆ ఉదయం ఒక బస్సెడు పరదేశులకు స్వామి చేతి ఈటె అయిన వేలాయుధం మహిమ చెబుతూ ఉన్నది. ఊరు చూపించే గైడులలో చెప్పడానికి ఆమెకు సాటి లేరని పేరు. గొంతు కంచుగంట, మాట తూచి వేసిన బంగారం. వేలాయుధం దెబ్బకు అసురుడు రెండు చెక్కలై, ఒక చెక్క కోడిగా, ఒక చెక్క నెమలిగా మారి స్వామి పాదాలను చేరిన ఘట్టం దగ్గర ఆమె అలవాటుగా కన్నులు మూసుకొని, చేయి పైకెత్తి, ఊపిరి బిగబట్టింది. కన్నులు విప్పేసరికి ఎదుట ఎవరూ లేరు. ఒక ముసలి దొర మాత్రం చేతికర్ర మీద ఆనుకొని నిలిచి ఉన్నాడు. ఆయనకు చెవులు వినబడవు.

తక్కినవారందరూ అల్లంత దూరాన మరగతం చుట్టూ మూగి ఉన్నారు.

మరగతం తవమణికి చెల్లెలు, ఆమెయు గైడే. మామిడిపండు రంగు పట్టుచీర, జడ నిండా మల్లెలు, నొసట మూడు పాయల విభూతి, నడుమ కుంకుమ. ఆ విభూతి కింద మాత్రం సన్నని కన్నులు, చదునైన ముక్కు, పాలమీగడ వంటి ఒళ్ళు. కన్నులు మూసుకొని ఆమె మాట వింటే సెంతూల్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తమిళ గృహిణి. చెవులు మూసుకొని ఆమెను చూస్తే చీనా పేటలో కొట్టు నడిపే యజమానురాలు. చూచినదానికీ విన్నదానికీ లంకె కుదరక యాత్రికులు నోళ్ళు తెరచుకొని నిలబడేవారు.

"ఏమ్మా, కోతిని చూసి అంత భయమెందుకు? మీ ఆయన కన్నా నయమే అది. ఒక్క అరటిపండు పారేస్తే నోరు మూసుకుని పోతుంది!" అన్నది మరగతం ఒక పడుచుతో. ఆ పడుచు, పక్కనున్న ఆమె మగడు, చుట్టూ ఉన్నవారు అందరూ విరగబడి నవ్వారు.

బస్సు మెట్టు మీద కూర్చొని అరటాకు పొట్లంలోని కొబ్బరన్నం తింటున్న జైతూన్ కూడా నవ్వింది. జైతూన్ మలయ్ స్త్రీ. తవమణితో పాటు ఈ వృత్తిలోకి వచ్చి, ఆమెతో పాటే ముసలిదవుతున్నది.

"మణీ! నీ కోడీ ఎగిరిపోయింది, నీ నెమలీ ఎగిరిపోయింది. ఆ చెవిటాయన ఒక్కడే మిగిలాడు. ఆయనకైనా ముగింపు చెప్పు, పాపం!"

"నవ్వవే, నవ్వు. నీ మసీదు దగ్గర నీకెవరూ పోటీ లేరుగా."

"ఎందుకు లేరూ? పావురాలున్నాయి. నేను నోరు విప్పడం ఆలస్యం, అందరూ వాటికి గింజలు వెయ్యడానికి పోతారు. నేనేమైనా పావురాల మీద పళ్ళు నూరుతున్నానా?"

తవమణి చూపు మరగతం మీదనే ఉన్నది. చెల్లెలిని ఈ వృత్తిలోకి తెచ్చినది తానే. లారీ ప్రమాదంలో చెల్లెలి భర్త కాలు పోగొట్టుకొని ఇంట కూర్చున్నప్పుడు, కంపెనీవారి కాళ్ళావేళ్ళా పడి మరగతాన్ని చేర్పించింది. చెట్టు నాటినదీ తానే, ఇప్పుడు నీడ లేక ఎండలో నిలుచున్నదీ తానే.

మరగతం ఆ ఇంట పుట్టినది కాదు. పులి సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల ఇంటికి అరిష్టమని ఆ రోజుల్లో చీనా ఇళ్ళల్లో ఒక భయం ఉండేది. అట్టి పిల్లలను పొత్తిళ్ళతోనే పెంపుకు ఇచ్చేవారు. చేతులు చాచి అందుకొన్నవారిలో తమిళ తల్లులు ఎందరో. రైల్వే కార్ఖానాలో పనిచేసే ఆండియప్పన్ భార్య పావాయి ఒక సాయంకాలం కూరలకని బజారుకు వెళ్ళి, ఒడిలో పసికందుతో తిరిగి వచ్చింది. గడపలో కూర్చున్న చిన్నారి తవమణి, "కూరలేవమ్మా?" అని అడిగింది. "ఇదుగో, చెల్లెలు" అన్నది తల్లి.

బారసాల నాడు పావాయి ఇరుగుపొరుగులను కూర్చోబెట్టి ఒక కట్టడి చేసింది. "ఇది నా కడుపున పుట్టింది. చీనా అన్న మాట ఎవరి నోట రాలినా సరే, వాళ్ళకి నా ఇంట మంచినీళ్ళు కూడా పుట్టవు." ఇట్టి పిల్లలు పెరిగిన ఇళ్ళల్లో ఇటువంటి కట్టడి మామూలే. సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పలకరు. మరగతానికీ తెలుసు, ఆమెయు పలకలేదు. అమ్మా నాన్నా వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ కట్టడి ఇంట దీపంలా నిలిచే ఉన్నది.

తవమణి కడుపులోని మంటకు వయసు మాత్రం ఆ బారసాలంతే. పాప తెల్లగా ఉన్నది, దిష్టి తగులుతుందని తల్లి బుగ్గన కాటుక చుక్క పెట్టేది. "నాకూ పెట్టమ్మా" అని తవమణి బుగ్గ చాపితే పక్కింటి ముసలమ్మ, "నీకెందుకే? నువ్వే పెద్ద దిష్టిచుక్కవి!" అని పళ్ళు లేని నోటితో నవ్వింది. ముసలమ్మ కాటికి వెళ్ళి తరం దాటినా ఆ నవ్వు వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ మంటకు మరింత నెయ్యి దొరికింది. యాత్రల కంపెనీవారు నగరపు పెద్ద రైలు స్టేషన్‌లో గోడంత చిత్రపటం కట్టించబోతున్నారు. అందులో నటీమణులు కాదు, నిజంగా ఊరు చూపించే ఆడవారే ముగ్గురు నిలబడాలి: మలయ్ ఒకరు, చీనా ఒకరు, ఇండియన్ ఒకరు. మలయ్ స్త్రీ జైతూన్ అని అప్పటికే తేలిపోయింది. ఇండియన్ తానేనని తవమణికి ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేదని ఆమె నమ్మకం. ఎందరెందరో ఆమె చేతికి కెమెరా ఇచ్చి, "కాస్త మమ్మల్ని తీసిపెట్టరా?" అన్నవారే కాని, "మీరూ వచ్చి నిలబడండి" అన్నవారు లేరు. మోకాళ్ళు ఈ యేడాదితో సెలవంటున్నాయి. వెళ్ళేముందు తన ముఖం ఈ ఊరి గోడ మీద ఒక్కసారి వెలగాలి. ఆమె కోరిక అంతే. అంతకు మించిన కోరిక ఆమె జీవితంలో ఎన్నడూ కోరలేదు. అందుకోసం రామచిలుక రంగు పట్టుచీర కొని, రవిక కూడా కుట్టించి పెట్టుకొన్నది.

ఫొటోలు తీసే కోక్ మెంగ్ అనే చీనా యువకుడు ఆ ఉదయమే మనుషులను చూచుకోవడానికి బాతూ గుహలకు వచ్చాడు. కారు దిగాడు. మరగతాన్ని చూచాడు. కారు తలుపు వేయడం మరచిపోయాడు.

"ఆంటీ! అలాగే ఉండండి, కదలకండి! ఇండియన్ ఆంటీ దొరికేసింది! ఈ చీరేంటి, ఈ పూలేంటి, ఈ మొహమేంటి! మన ఊరంతా ఒక్క మనిషిలో ఉందిగా!"

"నేను కదలకపోతే నా గుంపు పోతుంది బాబూ" అన్నది మరగతం నవ్వుతూ. "అయినా నాకెందుకు, మా అక్కని చూడు. కథలన్నీ ఆవిడకే వచ్చు."

తవమణి ముందుకు వచ్చి కొంగు సవరించుకొన్నది. కోక్ మెంగ్ ఆమెను తలనుంచి పాదం దాకా చూచాడు. చెడ్డవాడు కాడు; కుర్రవాడు.

"మీరూ బాగుంటారు ఆంటీ. కాకపోతే, మీలాంటి వాళ్ళు ప్రతి పటంలోనూ ఉంటారు కదా."

ప్రతి పటంలోనూ! ఏ పటంలో? ఎన్నడు? అంతలో చెల్లెలు మళ్ళీ యాత్రికుల నడుమకు వెళ్ళిపోయింది. మెట్ల మీద ఆమె మామిడిపండు చీర, నెత్తిన ఎండ, చుట్టూ కెమెరాలు. ఈ గుహలో స్వామి ఒక్కడే ఉన్నాడని ఎవరన్నారు, రెండు విగ్రహాలు కదా అనుకొన్నది తవమణి, పళ్ళ బిగువున.

టీ కొట్టులో ఆమె కోక్ మెంగ్ ఎదుట కూర్చొన్నది. నురగలు కక్కుతున్న పాలటీ వచ్చింది.

"ఇక మిగిలింది చీనా ఆంటీయే" అన్నాడతడు. "మన చీనా గైడులిద్దరూ మలక్కాలో ఉన్నారు. వెతకాలి."

"వెతకడమెందుకు తమ్ముడూ? దొరికిందిగా."

"ఎవరు?"

తవమణి గ్లాసు వంక చూస్తూ అన్నది. "మరగతం. అది చీనా పిల్ల. మా అమ్మ తెచ్చి పెంచింది. మీ చీనా గౌను తొడిగి మీ గుడిముందు నిలబెట్టుకో. ఇండియన్ చోటుకి నేనున్నాను. నీకు సగం పని తప్పుతుంది."

"నిజంగానా! ఇంత మంచి మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే?"

"ఎవరూ చెప్పరు" అన్నది తవమణి.

ఒక ఇంటివారందరూ జీవితమంతా నాలుక కింద దాచుకొన్న మాట, ఒక టీ గ్లాసు చల్లారే లోపల బయటపడింది. పిడుగు పడలేదు. కొట్టువాడు బల్ల తుడుస్తూనే ఉన్నాడు. బస్సు దగ్గర జైతూన్ ఆమెను ఎగాదిగా చూచింది.

"ఏం మంతనాలే ఆ కుర్రాడితో? మొహం అలా వెలిగిపోతోంది?"

"ఏమీ లేదు."

అది వెలగడం కాదు, కాలడమని తెలిసేంత దగ్గరగా జైతూన్ చూడలేదు.

రెండు రోజులకు పాతబస్తీలో చిత్రాలు తీయడం మొదలయింది. మారియమ్మన్ కోవెల గోపురం పక్కనే ఉన్న పూలకొట్టు వెనకగదిని బట్టలు మార్చుకోవడానికి ఇచ్చారు. జైతూన్ నెమలికంఠం రంగు నిలువుటంగీ తొడుక్కొని, తలగుడ్డకు పిన్నులు గుచ్చుకొంటూ ఉన్నది. తవమణి రామచిలుక చీరలో పెళ్ళికూతురి తల్లిలా నిలిచి ఉన్నది. మరగతం ఇంటినుంచే మామిడిపండు చీర కట్టుకొని, మల్లెలు తురుముకొని వచ్చింది. అక్క కొత్తచీర చూచి, "అబ్బ, ఏం రంగక్కా! నాకు చెప్పకుండా ఎప్పుడు కొన్నావు?" అని కుచ్చిళ్ళు పట్టి చూచి మురిసింది.

కోక్ మెంగ్ ఎర్రని చీనా పట్టుగౌను తెచ్చి మరగతం చేతిలో పెట్టాడు. మెడ దాకా మూసిన గౌను, అంచున బంగారు పువ్వులు.

"ఇదెవరిది బాబూ?"

"మీదే ఆంటీ. చీనా ఆంటీ మీరే కదా."

గదిలో పూలు గుచ్చే చేతులు ఆగిపోయాయి.

"ఎవరు చెప్పారు?"

"మీ అక్కగారే. ఆవిడ చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది? మీరైతే అచ్చం ఇండియనే!"

మరగతం అక్క వంక తిరిగింది. తవమణి కొంగు మడతలు సర్దుకొంటున్నది. అవి అప్పటికే సరిగా ఉన్నాయి.

"అక్క చెప్పిందా?"

"అవునాంటీ."

"అయితే అదే అయ్యుంటుంది. ఇటివ్వు."

ఆమె మల్లెలు తీసి కొట్టుబల్ల మీద పెట్టింది. విభూతి తుడిచింది. కుంకుమ తుడిచింది. గాజులు ఒక్కొక్కటే తీసింది. ఎర్రగౌను తొడుక్కొని, జుట్టు ముడి వేసుకొని బయటికి వచ్చింది. ఒక్క హాస్యమూ ఆడలేదు. కోతుల మీద కూడా హాస్యమాడే నోరు అది.

జైతూన్ తవమణి చెవి దగ్గరకు వంగింది. "దాని మొహం చూడవే. అద్దెవాళ్ళు ఖాళీ చేసిన ఇల్లులా ఉంది."

"బాగానే ఉంది."

"నీకు బాగానే ఉంటుంది. నాకే అన్నం దిగదు ఇవాళ."

చీనా గుడి అదే వీధిలో, పిలిస్తే పలికే దూరంలో ఉన్నది. లోపల ఎర్రని ముఖంతో, పొడుగాటి గడ్డంతో యుద్ధదేవుడు కొలువై ఉన్నాడు. కప్పునుంచి చుట్టలు చుట్టలుగా వేలాడే ధూపాలు సన్నగా పొగలు గక్కుతున్నాయి. యాత్రికులు కొందరు, భక్తులు కొందరు చూస్తూ నిలబడ్డారు. గుడి కాపరి ఫూ తాత చీపురు పట్టుకొని మూలన నిలబడ్డాడు. కోక్ మెంగ్ ధూపకడ్డీలు మూడు మరగతం చేతికి ఇచ్చాడు.

"మీరు రోజూ దేవుడికి ఎలా చేస్తారో అలాగే చెయ్యండి ఆంటీ. నేను తీసుకుంటూ పోతాను."

రోజూ చేసినట్లే చేయమన్నాడు. ఆమె రోజూ చేసినట్లే చేసింది. కడ్డీలు రెండు చేతులా నొసటికెత్తి వంగి నమస్కరించాలని ఆ గుడి ఆచారం. మరగతం వాటిని వెలిగించి, దేవుని ముఖం ఎదుట కుడివైపునుంచి గుండ్రంగా ముమ్మారు తిప్పి హారతి పట్టింది. కడ్డీలను ధూపపాత్ర అంచున ఆనించి, అరచేతులు ఆ వేడికి చాచి కళ్ళకద్దుకొన్నది. రెండు చెంపలూ వేసుకొన్నది. చేతులు మార్చి చెవులు పట్టుకొని, ఎర్రగౌను బిగుతుగా ఉన్నా వదలక, గుంజీలు తీసింది. "మురుగా, మురుగా" అంటూ ధూపపాత్రలోని బూడిద మూడు వేళ్ళతో తీసి నొసట మూడు పాయలుగా పెట్టుకొన్నది.

జనంలో నవ్వులు మొదలయ్యాయి. "చూడవే, మొహం మనది, మొక్కు వాళ్ళది!" అన్నది ఒక చీనా పడుచు. ఫూ తాత చీపురుతో దగ్గరకు వచ్చి చీనాలో ఏదో అడిగాడు. మరగతం తెల్లబోయి, "నాకా భాష రాదు తాతా" అన్నది మలయ్‌లో. తాత కూడా మలయ్‌లోకి దిగాడు.

"ఆ బూడిద ఎవరూ పెట్టుకోరమ్మా ఇక్కడ. నువ్వెందుకు పెట్టుకున్నావు?"

"దేవుడి ముందు కాలిన బూడిద ఊరికే పారేస్తామా తాతా?"

తాత ఆలోచించాడు. చీపురు వంక చూచుకొన్నాడు. "అయ్యయ్యో! ఇన్నాళ్ళూ నేను ఊడ్చి పోసేస్తున్నానే!" అని నెత్తిన చేయి పెట్టుకొన్నాడు. గుడి గుడంతా గొల్లుమన్నది. పరదేశులు చప్పట్లు చరిచారు. "పటంలో నడుమ చోటు ఈ ఆంటీదే! ఇదే, ఇదే నాకు కావలసింది!" అని కోక్ మెంగ్ చిన్నపిల్లవానిలా గెంతాడు.

తవమణి స్తంభం పక్కన నిలబడి చూచింది. చీర విప్పించినా గెలిచినది మరగతమే. పూలు తీయించినా మరగతమే. తప్పు చేసినా అందరికీ ముద్దే. ఇక దీనినుంచి ఏమి తీసేస్తే తాను కంటికి ఆనుతుంది?

"ఆంటీ, పటం కింద పేర్లు వేస్తారు. మీ చీనా పేరేంటి?" అని అడిగాడు కోక్ మెంగ్.

"చీనా పేరా?"

"అదే, పుట్టినప్పటి పేరు. ఇంటిపేరైనా చాలు."

మరగతం ఆనించిన కడ్డీలను మళ్ళీ చేతిలోకి తీసుకొన్నది. తరువాత నెమ్మదిగా, "అక్కనడుగు. నేనెవరో చెప్పింది అక్కే కదా. మిగిలింది కూడా అక్కే చెప్తుంది" అన్నది. గొంతు నిలకడగానే ఉన్నది. కడ్డీల బూడిద ఎర్రగౌను మీద రాలినా దులుపుకోలేదు.

అందరూ తవమణి వైపు తిరిగారు. ఆమె బతుకులో అందరూ ఒక్కసారిగా ఆమె వైపు తిరగడం అదే మొదలు.

ఏ పేరైనా చెప్పవచ్చు. టాన్ అన్నా, లిమ్ అన్నా కాదనేవారు లేరు. ఒక్క పేరుతో చెల్లెలు గీతకు అవతలికి వెళ్ళిపోతుంది. ఇవతల ఆండియప్పన్ కూతురు ఒక్కతే మిగులుతుంది. పాప రాకముందు ఎలా ఉండేదో అలా. మాట నాలుక చివరకు వచ్చి నిలిచింది. అప్పుడు ఆమె మరగతం ముఖం చూచింది. ఆ ముఖంలో కోపం ఉంటే చెప్పి ఉండేదే. కోపం లేదు. ఏ పేరు చెబితే ఆ పేరును తలవంచి పుచ్చుకోవడానికి మరగతం సిద్ధంగా నిలబడి ఉన్నది. కూరలకు బదులు వచ్చిన పాపలాగా, ఎవరి చేతిలో పెడితే వారి చేతికి.

"మరగతం" అన్నది తవమణి. తల ఎత్తి మళ్ళీ అన్నది. "మరగతం, ఆండియప్పన్ కూతురు. దానికి వేరే పేరు లేదు."

"అది ఇండియన్ పేరాంటీ! కింద చీనా అని ఎలా వెయ్యను?"

"వెయ్యకు. అది చీనా కాదు."

"మీరే కదా చెప్పారు!"

"అబద్ధం చెప్పాను."

కోక్ మెంగ్ తల పట్టుకొన్నాడు. "అంటే మీరిద్దరూ ఇండియన్ ఆంటీలే! నాకు ఒక్కరికే చోటుంది. ఇప్పుడేం చెయ్యను?"

"దాన్ని నిలబెట్టు. దాని చీర అది కట్టుకొస్తుంది" అన్నది తవమణి. "నేను దిగిపోతున్నాను. చీనా ఆవిణ్ణి మలక్కా నుంచి పిలిపించుకో."

"వద్దక్కా, నువ్వే నిలబడు" అని చెల్లెలు అంటుందని ఆమె చూచింది. సిగ్గు లేకుండా చూచింది. మరగతం అనలేదు. కడ్డీలను పాత్రలో గుచ్చి, వెనుతిరిగి పూలకొట్టు వైపు నడిచిపోయింది. ఇచ్చిన చోటును మారుమాట లేకుండా పుచ్చుకొన్నందుకు తవమణి కడుపు మళ్ళీ భగ్గున మండింది. మండుతూనే ఆమె వెనకాల నడిచింది.

వెనకగదిలో మరగతం చీర చుట్టుకొని కుచ్చిళ్ళతో తంటాలు పడుతున్నది. తవమణి కింద కూర్చొని కుచ్చిళ్ళు పట్టి సర్దింది.

"అమ్మ పలకొద్దన్న మాట పలికావు" అన్నది మరగతం, పైనుంచి.

"పలికాను."

"ఎందుకే?"

"నీ మీద కుళ్ళు."

"ఈ పటం కోసమా?"

"అన్నిటి కోసం. నువ్వు నవ్వితే జనం నవ్వుతారు. నువ్వు తప్పు చేస్తే చప్పట్లు కొడతారు. నేను ఒప్పు చేసినా చెవిటివాడొక్కడే మిగులుతాడు."

మరగతం బొడ్డున కుచ్చిళ్ళు దోపుకొన్నది. తరువాత అక్క గడ్డం పట్టి, ముఖాన్ని వెలుతురు వైపు తిప్పింది. నెమ్మదిగా కాదు, కొంచెం గట్టిగానే.

"నీకు అమ్మ ముక్కు వచ్చింది. అమ్మ పెదవులు వచ్చాయి. ఈ చెంప మీద గుంట కూడా అమ్మదే. అమ్మ పోయాక, అమ్మ గుర్తుకొస్తే నీకేం, అద్దం చూసుకుంటే చాలు. నేనెక్కడ చూసుకోవాలే? ఏదో ఒక వంకన నీ ఇంటికొచ్చి నీ మొహం చూసి పోతుంటాను. మామిడికాయ ఉందా, పెరుగు తోడుందా అని. నాకూ కుళ్ళే అక్కా నీ మీద. నీకన్నా పెద్ద కుళ్ళు. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు."

తవమణి నేల మీద అలాగే కూర్చుండిపోయింది. పెరుగు తోడు కోసం వచ్చిన చెల్లెలిని, "ఇంట్లో పాలుండవా నీకు?" అని ఎన్నిసార్లు కసిరిందో లెక్క లేదు. తన ముఖంలో ఇంకొకరు అసూయపడేది ఒకటి ఉన్నదని ఇంత వయసు వచ్చేదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినది ఈ లోకంలో ఒక్కతే; ఆమెనే తాను గీత అవతలికి నెట్టబోయింది.

"నన్ను క్షమించానని అనుకోకు" అన్నది మరగతం, మల్లెలు తురుముకొంటూ. "ఇంకా కోపంగానే ఉంది."

"ఉండనీ."

"రేపొచ్చి పెరుగు తీసుకుంటా."

"తోడుకా?"

"గిన్నెడు."

బయట గోపురం ఎదుట కోక్ మెంగ్ ఆమెను నిలబెట్టాడు. ధూపపాత్రలోని బూడిద నొసట అలాగే ఉన్నది. దాని మీద మరగతం కుంకుమ మాత్రం పెట్టుకొన్నది. జైతూన్ పక్కన నిలబడింది. చీనా స్త్రీ కోసం ఒక చోటు వదిలారు. తవమణి కెమెరా పక్కన, ఎండలో, రామచిలుక చీరలో నిలుచున్నది.

"ఆంటీ, కెమెరా ఇటు! ఎవరిని చూస్తున్నారు?"

"చూడాల్సిన చోటే చూస్తున్నాను. నువ్వు తీసుకో నాయనా" అన్నది మరగతం.

"కొంచెం ఇటు తిరగండాంటీ!"

"తిరగను."

ఎన్నిసార్లు తీసినా ఆ చూపు అక్కడినుంచి కదలలేదు. కోక్ మెంగ్ విసిగి, ఉన్నవాటిలో మంచిది ఎంచుకొన్నాడు.

ఇప్పుడు ఆ పటం రైలు స్టేషన్‌లో గోడంత ఎత్తున ఉన్నది. జైతూన్, మలక్కానుంచి వచ్చిన చీనా గైడు తిన్నగా బాటసారుల కన్నులలోకి చూస్తూ నవ్వుతారు. నడుమనున్న మరగతం మాత్రం ఓరగా, పటం బయట ఎవరినో చూస్తూ ఉంటుంది. ఆమె ఎవరిని చూస్తున్నదని బండి దిగిన యాత్రికులు తవమణిని అడుగుతారు. తవమణి గొంతు సవరించుకొని, "రండి, బస్సు ఇటు" అంటుంది. ఆ పటాన్ని చూచినప్పుడల్లా కడుపులో చిన్న మంట నేటికీ లేస్తుంది. లేదంటే స్వామి నవ్వుతాడు. అయితే ఆమె ఇప్పుడు దాని ఎదుట, ఆ చూపు వచ్చి తగిలే చోట, ఒక క్షణం ఎక్కువ నిలబడుతుంది.

ఈ కథ చదివినవారి ఇళ్ళల్లో, విన్నవారి ఇళ్ళల్లో, కడుపున పుట్టినవారూ చేతికి వచ్చినవారూ ఒక్క పేరుతో పిలువబడుదురు గాక! ఒకరి ముఖంలో ఒకరు తమ తల్లిని చూచుకొందురు గాక! గుహవాసి అయిన కుమారస్వామి అందరినీ చల్లగా కాచు గాక!